ఇంకా రాని ఆదివారం

శుక్రవారం ఉదయం ఆరూ ఇరవై ఐదు.

కోల్డ్ స్టోరేజీ కంప్రెసర్ గది గుమ్మంలో పెద్దాయన బోర్లా పడి ఉన్నాడు. కుడి చెయ్యి గడప దాటింది. మిగతా మనిషి దాటలేకపోయాడు.

మొదట చూసింది ఇద్దరు లోడింగ్ కూలీలు. దగ్గరికి వెళ్ళబోతే కళ్ళు భగ్గున మండాయి. చొక్కాలు ముక్కులకు అడ్డం పెట్టుకుని, ఆ చెయ్యి పట్టుకుని బయటికి లాగారు. అప్పటికే ఊపిరి లేదు.

ఇన్‌స్పెక్టర్ జీపు 7:05కి గేటు దాటింది. వెంట హెడ్ కానిస్టేబుల్. ఫైర్ వాళ్ళు పెద్ద ఫ్యాన్లు పెట్టి గదిలో గాలి మార్చేదాకా మరో అరగంట ఆమె బయటే నిలబడింది.

అమ్మోనియా. ఆ భవనంలో టన్నుల కొద్దీ చేపల్ని గడ్డకట్టించి ఉంచేది పైపుల్లో తిరిగే ఆ గ్యాసే. పైపులో ఉన్నంతసేపు చెప్పినట్టు వింటుంది. బయటికొస్తే గొంతు, ఊపిరితిత్తులు కాల్చేస్తుంది.

గది గుమ్మం దాకా వెళ్ళాక ఇన్‌స్పెక్టర్ ముందు బయటి గోడను చూసింది.

తలుపు పక్కన కొక్కెం. కొక్కేనికి గ్యాస్ మాస్కు. దాని పట్టీ మడత కూడా విప్పలేదు.

మాస్కు పక్కన బోర్డు. పచ్చ వెలిగితే లోపలికి వెళ్ళవచ్చు. పసుపు వెలిగితే మాస్కు పెట్టుకోవాలి. ఎరుపు వెలిగితే తలుపు తీయకూడదు.

బోర్డు మీద చిన్న స్క్రీన్. ఆరు గడులు, ఆరు సెన్సర్లవి. నాలుగో గడి ఈ గదిది. అందులో 4 అని అంకె. పరిమితి 25.

ఆరు గడులూ పచ్చగా ఉన్నాయి.

"నా కళ్ళు ఇంకా మండుతూనే ఉన్నాయి. దీనికి మాత్రం చీమ కుట్టినట్టయినా లేదు మేడమ్," అన్నాడు హెడ్ కానిస్టేబుల్.

పెద్దాయనకు వాసన ఎందుకు తెలియలేదని ఆమె కూలీలను అడిగింది. ముప్పై ఒక్క ఏళ్ళు ఆ గదిలోనే పనిచేసి ఆయన ముక్కు ఎప్పుడో మొద్దుబారిపోయిందని వాళ్ళు చెప్పారు. అందుకే స్క్రీన్ చూడందే లోపల కాలు పెట్టడు. ఎవరైనా జాగ్రత్త చెప్పబోతే నవ్వేసి, "నా ముక్కు పోతేనేం, మా అల్లుడు చూస్తున్నాడుగా," అనేవాడట.

8:10కి ఆమె గదికి సీలు వేయించింది.

*

మేనేజర్ గది. 8:20. ఏసీ చల్లగా ఉంది. మేనేజర్ చెమటలు తుడుచుకుంటున్నాడు.

"స్క్రీన్ ఎందుకు పచ్చగా ఉంది?"

"అదే మాకూ అర్థం కావడం లేదండి."

"దానికి అంకెలు ఎక్కడి నుంచి వస్తాయి?"

"సెన్సర్ల నుంచి కంప్యూటర్‌కి. కంప్యూటర్ నుంచి స్క్రీన్‌కి. గంటకోసారి."

"కంప్యూటర్ చూసేదెవరు?"

"ఇద్దరండి. ప్రోగ్రామ్ రాసిన అమ్మాయి ఒకరు. సేఫ్టీ రిపోర్టులు చూసే అబ్బాయి ఒకడు." మేనేజర్ గొంతు తగ్గించాడు. "ఆ అబ్బాయి చనిపోయినాయన అల్లుడే."

గురువారం తాను ఊళ్ళోనే లేనని మేనేజర్ తనంతట తానే చెప్పాడు. పదకొండు నుంచి అయిదు దాకా హెడ్డాఫీసు మీటింగు. అడిగితే ఫోన్ కూడా చూపించాడు. మధ్యాహ్నం 12:41కి అల్లుడి నుంచి ఒక కాల్ ఉంది. నాలుగు నిమిషాలు. రోజూ మాట్లాడుకునేదేనన్నాడు. ఇన్‌స్పెక్టర్ టైము రాసుకుంది.

సరిగ్గా పదింటికి అల్లుడు రిపోర్టు పట్టుకుని వచ్చాడు. కళ్ళు వాచిపోయి ఉన్నాయి. ఈ పూట రావాల్సిన పని లేదని ఆమె అంటే, ఇంట్లో కూర్చోలేకపోతున్నానని అన్నాడు.

అడక్కుండానే చెప్పుకొచ్చాడు. పంతొమ్మిదేళ్ళప్పుడు ఇక్కడే చేపల పెట్టెలు మోసేవాడు. పెద్దాయన చూసి సాయంత్రం క్లాసుల్లో చేర్పించాడు. పరీక్షలయ్యేదాకా తన ఇంట్లోనే పెట్టుకున్నాడు. ఆఫీసులో ఉద్యోగం ఇమ్మని మేనేజర్ల చుట్టూ తిరిగాడు. చివరికి తన ఒక్కగానొక్క కూతురిని ఇచ్చి పెళ్ళి చేశాడు.

"నాకు నాన్న లేడు మేడమ్. ఉన్నదల్లా మావయ్యే."

ఇన్‌స్పెక్టర్ లేచి తనే మంచినీళ్ళు అందించింది. ఇరవై రెండేళ్ళ సర్వీసులో ఆమె అలా ఎవరికీ అందించలేదు.

రిపోర్టు ఒక్క పేజీ. కంప్యూటర్ అచ్చు వేసింది, కింద అల్లుడి సంతకం. ఈ వారం రీడింగులు 1008. పరిమితి దాటినవి సున్నా.

"మరి గ్యాస్ వచ్చింది కదా?"

"వచ్చింది. సెన్సర్ పట్టుకోలేదో, ప్రోగ్రామ్ తప్పు చదివిందో..." అతను ఆగాడు. "ప్రోగ్రామ్ ఒకమ్మాయిది. మంచి పిల్ల మేడమ్. కావాలని చేసి ఉండదు."

ఎవరూ ఆ మాట అనకముందే అతను సర్దిచెప్పాడు. అతని మంచితనాన్ని ఆమె మనసులో మెచ్చుకుంది కూడా.

మధ్యాహ్నం ఒంటిగంటకు రెండు కబుర్లు వచ్చాయి. పోస్టుమార్టం చెప్పింది: శ్వాసనాళం కాలిపోయింది, అమ్మోనియానే. ఫైర్ ఇంజనీరు చెప్పాడు: కంప్రెసర్ పైపు మీద వాల్వు సీలు పగిలింది. కానీ ఉన్నట్టుండి పగల్లేదు. చుట్టూ నూనె మరక పేరుకుని ఉంది. కనీసం ఒక రోజు ముందు నుంచే గ్యాస్ కారుతోంది.

అంటే గురువారం నుంచే స్క్రీన్ పసుపు రంగులోకి మారాలి. మారినట్టు రిపోర్టులో లేదు.

కంప్యూటర్ లాగ్ తెప్పించింది. ప్రోగ్రామ్‌ను చివరిసారి నడిపింది గురువారం మధ్యాహ్నం 1:05కి. లాగిన్ పేరు ఆ అమ్మాయిది.

*

మూడింటికి ప్రోగ్రామర్ అమ్మాయి స్టేషన్‌కి వచ్చింది. పాతికేళ్ళుంటాయి. జ్వరం ఇంకా పూర్తిగా తగ్గలేదు. బుధ, గురువారాలు సెలవులో ఉన్నానని డాక్టర్ చీటీ చూపించింది.

"ఇంటి నుంచి లాగిన్ కావచ్చా?"

"కావచ్చు. కాలేదు."

"మరి నీ పేరు మీద ఎవరు చేశారు?"

అమ్మాయి డాక్టర్ చీటీని మడత పెట్టింది. తర్వాత చెప్పింది. బుధవారం సాయంత్రం ఆరింటికి అల్లుడు ఫోన్ చేశాడట. నువ్వు లేనప్పుడు ఏదైనా అవసరం పడితే ఎలా, పాస్‌వర్డ్ చెప్పి పడుకో అన్నాడట. ఆమె చెప్పేసింది.

"ఎందుకు చెప్పావు?"

"అన్నయ్య కదా మేడమ్," అంది. సొంత అన్న కాదు. ఆఫీసులో చేరిన మొదటి రోజు నుంచి అలా పిలవడం అలవాటు.

ఇన్‌స్పెక్టర్ అతన్నీ పిలిపించి ఎదురుగా కూర్చోబెట్టింది. అతను ఆ అమ్మాయి వైపు జాలిగా చూశాడు. ఫోన్ చేసిన మాట నిజమే, జ్వరం ఎలా ఉందో కనుక్కుందామని చేశానన్నాడు. పాస్‌వర్డ్ మాటే రాలేదన్నాడు.

"జ్వరంలో గుర్తుండి ఉండదు మేడమ్. తన మీద కేసు పెట్టకండి. మావయ్య ఎలాగూ తిరిగి రాడు."

అమ్మాయి ఏడవలేదు. చెంపదెబ్బ తిన్న మనిషిలా అతన్ని చూస్తూ ఉండిపోయింది. ఆ చూపు నటన కాదనిపించింది ఇన్‌స్పెక్టర్‌కి. పొద్దున అతని కన్నీళ్ళూ నటన అనిపించలేదు. ఇద్దరిలో ఒకరు అబద్ధం చెబుతున్నారు. తన కళ్ళను తాను నమ్మే పరిస్థితి లేదు.

*

శనివారం 9:15.

సెన్సర్‌ను పరీక్షించిన టెక్నీషియన్ ఫోన్ చేశాడు. సెన్సర్ భేషుగ్గా పనిచేస్తోంది. తప్పు దానిది కాదు.

9:40కి మరో ఫోన్ పైనుంచి. సాయంత్రం అయిదుకల్లా గది సీలు తీసేయాలి. చేపలు పాడైపోతున్నాయి, పగిలింది ఒక్క వాల్వు సీలే, మిగతా ప్లాంటుకి ఏ ఇబ్బందీ లేదని వారం రీడింగులే చెబుతున్నాయి అని కంపెనీ రాసుకుంది. సాయంత్రం షిఫ్టులో ముగ్గురు ఆపరేటర్లు లోపలికి వెళ్ళాలి.

ఏ రీడింగుల వల్ల ఒక ప్రాణం పోయిందో, అవే రీడింగులు చూపించి ఇంకో ముగ్గురిని లోపలికి పంపబోతున్నారు.

ఇన్‌స్పెక్టర్ ఆ ఒక్క పేజీ రిపోర్టు మళ్ళీ తీసింది. ఒకసారి చదివింది. రెండోసారి చదివింది. కాలిక్యులేటర్ తీసి ఏదో గుణించింది. ఎర్ర పెన్నుతో ఒక అంకె చుట్టూ గీత గీసింది.

"ఆ అమ్మాయిని పిలవండి. నిందితురాలిగా కాదు, పంతులమ్మగా."

అమ్మాయి వచ్చింది. ప్రోగ్రామ్ ఎలా పనిచేస్తుందో పదో తరగతి పిల్లకు చెప్పినట్టు చెప్పమంది ఇన్‌స్పెక్టర్. గణాంకాల కోసం తయారుచేసిన ఒక కంప్యూటర్ భాషలో అది రాశానని, అంకెలన్నిటినీ ఒక అర్రేలో పేరుస్తానని ఆ అమ్మాయి మొదలుపెట్టింది.

"అర్రే అంటే ఆశ్చర్యపోవడం కాదా అమ్మా?" అన్నాడు హెడ్ కానిస్టేబుల్.

అమ్మాయి రెండు రోజుల్లో మొదటిసారి నవ్వింది. టేబుల్ మీది తెల్ల కాగితాలు ఏడు తీసుకుని ఒకదాని మీద ఒకటి పెట్టింది.

ఒక్కో కాగితం ఒక్కో రోజు. కాగితం మీద అడ్డంగా ఆరు వరుసలు, ఆరు సెన్సర్లకు. నిలువుగా ఇరవై నాలుగు గడులు, గంటలకు. సెన్సర్ల రీడింగులు పోగుచేసే పెట్టె నుంచి అంకెలు బారుగా ఒక తాడులా వస్తాయి. ఆ భాష వాటిని మొదటి గంట గడిలో పైనుంచి కిందికి ఆరు నింపుతుంది. తర్వాత రెండో గంట. కాగితం నిండాక కింది కాగితానికి వెళుతుంది. ఏ అంకె కావాలన్నా మూడు సంఖ్యలు చెబితే చాలు. నాలుగు, ఆరు, అయిదు అంటే నాలుగో సెన్సర్, ఉదయం ఆరు గంటలు, వారంలో అయిదో రోజు.

"శుక్రవారం," అంది ఇన్‌స్పెక్టర్.

"అవును."

"ఇంకా రాని గంటల గడుల్లో ఏముంటుంది?"

"నా ప్రోగ్రామ్‌లో ఖాళీగా ఉంటాయి. అంకెలు తగ్గితే ఆగిపోయేలా ఒక తనిఖీ లైన్ కూడా పెట్టాను."

"ఆ లైన్ లేకపోతే?"

అమ్మాయి జవాబు చెప్పింది. చెప్పి, తన మాట తానే అప్పుడు విన్నట్టు నోటి మీద చెయ్యి పెట్టుకుంది.

11:40కి సీజ్ చేసిన కంప్యూటర్ తెరిచి, స్క్రీన్ వెనక దాచి ఉన్న ఫైలు చూశారు. 12:20కి అమ్మాయి ఫైలులోంచి ఇంకో సంగతి బయటికి తీసింది. హెడ్ కానిస్టేబుల్ అది చదివి టోపీ తీసి టేబుల్ మీద పెట్టాడు.

*

సాయంత్రం 4:15. కంపెనీ మీటింగు హాలు.

మేనేజర్ వాచీ చూసుకుంటున్నాడు. అల్లుడు అతని పక్కన కూర్చున్నాడు. ప్రోగ్రామర్ అమ్మాయి కంప్యూటర్ దగ్గర ఉంది. చివరి కుర్చీలో పెద్దాయన కూతురు. తండ్రి శవాన్ని తీసుకెళ్ళే కాగితాల కోసం వచ్చింది. వినడం కష్టంగా ఉంటుంది, ఇంటికి వెళ్ళమ్మా అని ఇన్‌స్పెక్టర్ చెబితే వినలేదు.

"మేనేజర్ గారూ, ఈ రోజు ఏ వారం?"

"శనివారమండి."

"టైమెంత?"

"నాలుగుంపావు. అయిదింటికి సీలు తీయాలి, మీకు ఆర్డరు కూడా..."

"రేపు ఉదయం ఏడింటికి కంప్రెసర్ గదిలో గ్యాస్ ఎంత ఉంటుంది?"

మేనేజర్ అయోమయంగా చూశాడు. "రేపటి సంగతి నాకెలా తెలుస్తుందండి?"

"మీ రిపోర్టుకి తెలుసు. మూడు."

అమ్మాయి ఒక కీ నొక్కింది. గోడ మీది పెద్ద తెరపై ఆదివారం కాగితం తెరుచుకుంది. ఆరు వరుసలు, ఇరవై నాలుగు గడులు. ఒక్క గడీ ఖాళీ లేదు.

ఇన్‌స్పెక్టర్ రిపోర్టు పైకెత్తింది. 1008 చుట్టూ ఎర్ర గీత.

"ఆరు సెన్సర్లు, ఇరవై నాలుగు గంటలు, ఏడు రోజులు. గుణిస్తే 1008. వారం మొత్తం అయిపోతే రావాల్సిన లెక్క ఇది. ఈ కాగితం నా చేతికి వచ్చింది శుక్రవారం పదింటికి. అప్పటికి రావాల్సినవి 636. మిగతా 372 రీడింగులు ఎక్కడివి? అందరం సున్నా వైపు చూశాం. పక్కనే ఉన్న 1008ని నేనూ చూడలేదు."

మేనేజర్ వాచీ మీంచి చూపు తీశాడు.

ఆమె నెమ్మదిగా విడమర్చింది. ఆ భాషకు ఒక గుణం ఉంది. వెయ్యీ ఎనిమిది గడుల అర్రే అడిగి తక్కువ అంకెలు ఇస్తే అది అలగదు, ఎర్రర్ చూపించదు, హెచ్చరిక కూడా చేయదు. ఉన్నవి అయిపోగానే మళ్ళీ మొదటి అంకె నుంచి ఎత్తుకుంటుంది. గడులన్నీ నిండేదాకా ఉన్నవాటినే తిప్పి తిప్పి వాడుతుంది. ఇక్కడ ఎవరో మూడు రోజుల అంకెలు మాత్రమే ఇచ్చారు. సోమ, మంగళ, బుధ. గ్యాస్ కారడానికి ముందటి మూడు మంచి రోజులు.

తెర మీద రెండు కాగితాలు పక్కపక్కన వచ్చాయి. గురువారం అచ్చం సోమవారమే. శుక్రవారం అచ్చం మంగళవారమే. ఒక్క అంకె తేడా లేదు. స్క్రీన్ గంటగంటకూ ఈ గడుల్లోంచే అంకె తీసి చూపిస్తోంది.

"నిన్న పొద్దున ఆరింటికి పెద్దాయన చూసిన నాలుగు నిన్నటిది కాదు. మంగళవారం పొద్దుటిది."

"నేను మొదటి నుంచీ అంటున్నది అదేనండి," అన్నాడు మేనేజర్. "ప్రోగ్రామ్ తప్పు."

"ఆమె ప్రోగ్రామ్ అయితే ఆగిపోయేది. నడిచింది అది కాదు. తనిఖీ లైన్ లేని పాత కాపీ. ఆరు నెలల క్రితం ఒకరికి పాఠం చెప్పడానికి రాసిచ్చింది." ఇన్‌స్పెక్టర్ అల్లుడి వైపు తిరిగింది. "పాఠం నేర్చుకున్నది మీరేనా?"

"ఆఫీసులో చాలామంది నేర్చుకున్నారు మేడమ్." గొంతు మామూలుగానే ఉంది. "ఆ కాపీ ఎవరి దగ్గరైనా ఉండొచ్చు. లాగిన్ కూడా తనదే కదా."

"అర్రేలో వరుసలకు పేర్లు పెట్టుకోవచ్చట. ఆమె తన ప్రోగ్రామ్‌లో ఎస్ వన్, ఎస్ టూ అని పెట్టింది. నేర్చుకునేవాళ్ళని మాత్రం మీకు గుర్తుండే పేర్లు పెట్టుకోమంది. ఆ పేర్లు స్క్రీన్ మీద కనిపించవు. రిపోర్టులో అచ్చు కావు. ఫైలులో మాత్రం ఉండిపోతాయి."

ఆమె తల ఊపింది. అమ్మాయి కీ నొక్కింది.

తెర మీద ఆరు పేర్లు ఒకదాని కింద ఒకటి వచ్చాయి. గేటు. చేపల గది. పళ్ళ గది. నాలుగోది కంప్రెసర్ గది సెన్సర్. దానికి పెట్టిన పేరు: మావయ్య.

అల్లుడు తెర వైపు చూశాడు. చూపు తిప్పుకోలేకపోయాడు.

"ఈ కంపెనీలో ఆయన్ని అందరూ పెద్దాయన అంటారు," అంది ఇన్‌స్పెక్టర్. "మావయ్య అని పిలిచేది ఒక్కడే."

అల్లుడు నీళ్ళ గ్లాసు కోసం చెయ్యి చాపాడు. ఈసారి ఎవరూ అందించలేదు.

తర్వాత అతను చెప్పింది పొడి పొడి మాటల్లో వచ్చింది. గురువారం పన్నెండింటికి నాలుగో సెన్సర్ 31 చూపించింది. మేనేజర్‌కి ఫోన్ చేశాడు. ప్లాంటు ఆపి పైపంతా పరీక్షించాలంటే నాలుగు రోజులు. సోమవారం లారీలొస్తాయి. సోమవారం దాకా ఎలాగోలా లాగించు, ఆ తర్వాత సేఫ్టీ ఆఫీసర్ కుర్చీ నీదే అన్నాడు మేనేజర్. అల్లుడు సెన్సర్ల పెట్టె కేబుల్ పీకేశాడు. ఫైలులో మూడు రోజులు ఉంచి మిగతాది చెరిపేశాడు. కొత్త ప్రోగ్రామ్ నడవనంటే తన దగ్గరున్న పాత కాపీ వేశాడు. నాలుగు రోజులే కదా అనుకున్నాడు.

అంకెలు మార్చమని తాను చెప్పలేదని మేనేజర్ గొణిగాడు. లాగించమన్నారుగా, దాని గురించి స్టేషన్‌లో మాట్లాడుకుందాం అంది ఇన్‌స్పెక్టర్.

"ముప్పై ఒకటి అంటే మరీ ఎక్కువేం కాదనుకున్నాను మేడమ్," అన్నాడు అల్లుడు.

"ఎక్కువో తక్కువో ఆయనకు చెప్పి ఉంటే మాస్కు పెట్టుకునేవాడు. నువ్వు నాలుగని చెప్పావు."

ఇందాక 'మీరు' అన్న మనిషిని ఇప్పుడు 'నువ్వు' అంటున్న సంగతి ఆమె గమనించలేదు. హెడ్ కానిస్టేబుల్ గమనించాడు.

ప్రోగ్రామర్ అమ్మాయి కుర్చీలోంచి లేచింది. "నా పేరు మీద ఎందుకు చేశారన్నయ్యా?"

అతను తలెత్తలేదు. "నువ్వు సెలవులో ఉన్నావు కదా. నిన్నెవరూ అనుమానించరనుకున్నాను."

"మరి నిన్న స్టేషన్లో?"

అమ్మాయి కూర్చుని కంప్యూటర్ మూసేసింది.

4:50కి ఇన్‌స్పెక్టర్ పైకి ఫోన్ చేసింది. రెండు నిమిషాలు మాట్లాడింది. సీలు తీసే ఆర్డరు ఆగిపోయింది. గేటు దగ్గర నిలబడ్డ ముగ్గురు ఆపరేటర్లనూ ఇంటికి వెళ్ళమని కబురు వెళ్ళింది.

కేసు తేలిపోయిందని ఆమె అనుకుంది. నోట్‌బుక్కు మూయబోయింది.

"నాదొకటుంది, రాసుకుంటారా?"

అంది పెద్దాయన కూతురు. అంతసేపటికీ ఆమె మాట్లాడటం అదే మొదలు. కుర్చీ పక్కకు జరపలేదు, లేవలేదు. మొగుడి వైపు చూస్తూనే ఉంది.

"చెప్పమ్మా."

"నిన్న పొద్దున ఈయనకు ఫోన్ వచ్చింది. నాన్న చేశాడు. మెలకువ వచ్చి గడియారం చూశాను. అయిదూ నలభై ఆరు."

ఇన్‌స్పెక్టర్ పెన్ను ఆగింది. ఫోన్ కంపెనీ నుంచి కాల్ లిస్టులు సోమవారానికి గానీ రావు. ఈ ఫోన్ సంగతి అప్పటిదాకా ఆమెకు తెలియదు.

"నాన్న ఏమన్నాడో నాకు వినపడలేదు. ఈయన అన్నది వినపడింది." ఆమె భర్తను అడిగింది. "మీరే చెప్పండి. ఏమన్నారు?"

అతను రెండు చేతులతో మొహం కప్పుకున్నాడు.

"స్క్రీన్ కరెక్టే మావయ్యా, వెళ్ళండి అన్నారు. అని ఫోన్ పక్కన పెట్టి మళ్ళీ దుప్పటి కప్పుకున్నారు. నాన్న డ్యూటీలో బాగానే ఉన్నాడు కదా అని నేనూ నిద్రపోయాను." గొంతు పెరగలేదు. "నాన్న ఏమడిగాడు?"

హెడ్ కానిస్టేబుల్ కిటికీ వైపు తిరిగాడు.

"కళ్ళు మండుతున్నాయన్నాడు." అతని మాట వేళ్ళ మధ్యలోంచి వచ్చింది. "ముక్కు పనిచేయదు, స్క్రీన్ మాత్రం పచ్చగానే ఉంది, అది కరెక్టేనా చెప్పరా అన్నాడు. లోపలికి వెళ్ళొద్దంటే ఎందుకని అడిగేవాడు. ఏం చెప్పను? అయిదు నిమిషాల్లో బయటికొచ్చేస్తాడు అనుకున్నాను. నిజంగా అలాగే అనుకున్నాను."

ఆమె వింది.

హెడ్ కానిస్టేబుల్ మేనేజర్‌నీ అల్లుడినీ బయటికి తీసుకెళ్ళాడు. గుమ్మం దగ్గర అల్లుడు ఆగి భార్యను పేరు పెట్టి పిలిచాడు. ఆమె తలుపు వైపు చూడలేదు. జీపు కదిలేదాకా కూర్చుని, తర్వాత లేచి ఇన్‌స్పెక్టర్ ఎదుటి కుర్చీలోకి వచ్చింది. ప్రోగ్రామర్ అమ్మాయి తన కుర్చీ ఆమె పక్కకు జరుపుకుంది.

ఇన్‌స్పెక్టర్ వాంగ్మూలం ఫారం తీసింది. ఆమె చెప్పిన మాటలన్నీ వరుసగా రాసి చదివి వినిపించింది. టైము దగ్గర ఒక్కచోట ఆమె సరిదిద్దింది. సంతకానికి ముందు ఇంకొక్క గడి మిగిలింది.

"ఇక్కడ సంబంధం రాయాలమ్మా. నిందితుడికి మీరు ఏమవుతారు?"

ఆమె ఆ గడి వైపు చూసింది. పెన్ను తనే తీసుకుంది.

"చనిపోయినాయన కూతుర్ని," అంది. అంతే రాసి సంతకం పెట్టింది.